పులి తలమీది టోపీ: కొరియా మస్కట్ల వెనక కథ

మనం "అనగనగా" అన్నచోట కొరియాలో "పులులు పొగ తాగే రోజుల్లో" అంటారు. కొరియాను ఏలిన జోసన్ రాజవంశ కాలపు జానపద చిత్రాల్లోనూ పులి గుడ్లు మిటకరించి, కొమ్మ మీది పిట్టను వెర్రిగా చూస్తుంటుంది. అంటే 1988 సియోల్ ఒలింపిక్స్ మస్కట్‌కు, అంటే ఆటల గుర్తు బొమ్మకు, పులిని ఎంచుకున్నప్పుడు దాని క్రూరత్వాన్ని పోగొట్టే పని సగం ముందే అయిపోయింది. పోటీలో కుందేలు, ఉడుత, మాండరిన్ బాతుల జంట కూడా ఉన్నాయి.

డిజైనర్ కిమ్ హ్యున్ గీసిన పులికూనకు ఒంటినిండా సంప్రదాయ దుస్తులు తొడగలేదు. మెడలో ఒలింపిక్ వలయాలు, నెత్తిన సాంగ్మో, అంతే. రైతుల డప్పు బృందాల్లో ఆడేవాళ్లు పెట్టుకునే టోపీ అది. నడినెత్తిన తిరిగే కీలుకు పొడవాటి పట్టీ కట్టి ఉంటుంది, తల తిప్పితే గాలిలో సుడులు చుడుతుంది. అన్నిటికన్నా పెద్దదాన్ని పన్నెండు బారల సాంగ్మో అంటారు. బొమ్మలో అంత పొడవు ఇమడదు కనుక పట్టీని కురచ చేసి, సియోల్ పేరులోని 'ఎస్' అక్షరంలా వంచారు. ఇక్కడ ఒక చిక్కుంది: కాగితం మీద నిలబడే ఆ వంపు గుడ్డ బొమ్మకు వచ్చేసరికి వేలాడిపోతుంది, లోపల తీగ వేస్తే తప్ప నిలవదు. సన్నగా గీస్తే బ్యాడ్జి సైజులో కనబడదు.

పేరు కోసం జనం 2,295 సూచనలు పంపారు. హోరాంగి అంటే పులి, 'దోరి' మగపిల్లలను ముద్దుగా పిలిచే తోక. కలిపితే హోదోరి.

2018 ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మళ్లీ పులే, ఈసారి తెల్లది. ప్రాచీన కొరియా రాజ్యం గొగుర్యో సమాధుల గోడలపై పడమటి దిక్కును కాసే తెల్లపులి వారసుడు సూహోరాంగ్. మంచులో తెల్ల ఒళ్లు కలిసిపోకుండా ఆదుకునేవి నల్ల చారలే. దివ్యాంగ క్రీడాకారుల పారాలింపిక్స్‌కు ఎలుగుబంటి బందాబి. ఛాతీ మీది అర్ధచంద్రం ఆసియా నల్ల ఎలుగుకు పుట్టుకతో ఉండే గుర్తే, కల్పన కాదు. కొరియా తొలి రాజు దాంగున్ పుట్టుక కథలో మనిషి కావాలంటే వెల్లుల్లి, మాచిపత్రి తింటూ గుహలో ఉండమంటే పులి పారిపోయింది, ఎలుగు ఓర్చుకుని స్త్రీ అయింది. పారాలింపిక్స్‌కు ఎలుగే తగిన ఎంపిక.

సూహోరాంగ్ మామూలుగా ఏమీ ధరించదు. పోటీ ముగిసిన వేదిక దగ్గర మొదటి ముగ్గురికి పతకాలకన్నా ముందు ఇచ్చిన బొమ్మకు మాత్రం ఓసాహ్వా తొడిగారు: జోసన్ రాజ్యంలో కొలువు పరీక్ష నెగ్గినవారి టోపీకి గుచ్చే కాగితపు పూలు.