న్యూయార్క్ గడియారం, మారతహళ్లి అన్నం వేళ

బెంగళూరు మారతహళ్లిలో మా అన్నయ్య వాళ్లింట్లో ఏడాదికి రెండుసార్లు రాత్రి భోజనం వేళ మారుతుంది. వేసవిలో న్యూయార్క్ వాళ్లతో ఆయన ఆఫీసు కాల్ సాయంత్రం ఏడున్నరకు మొదలై తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. నవంబరు మొదటి ఆదివారం దాటిందంటే అదే కాల్ ఎనిమిదిన్నరకు జరుగుతుంది, ముగిసేసరికి పదిన్నర. మళ్లీ మార్చి రెండో ఆదివారం తర్వాతే పాత వేళకు వస్తుంది. ఆ రెండు ఆదివారాలూ అమెరికాలో గడియారాలు గంట అటూ ఇటూ తిప్పే రోజులు. న్యూయార్క్‌లో ఆ కాల్ ఎప్పుడూ ఉదయం పది గంటలకే. మన దేశంలో గడియారం ముల్లును ఎవరూ కదపరు. కానీ ఆ ఇంట్లో పొయ్యి మీద కుక్కర్ ఎప్పుడు పెట్టాలన్నది మాత్రం కదులుతుంది. మా వదినది హిందూపురం. ఆవిడ వీటికి తనే పేర్లు పెట్టుకుంది: కార్తీకం టైమ్, ఉగాది టైమ్.

కార్తీకం టైమ్ నడిచినన్నాళ్లూ పిల్లలు నాన్న పక్కన కూర్చుని అన్నం తినరు. పదిన్నరకు వాళ్లు నిద్రలో ఉంటారు. కాల్ జరుగుతున్నంతసేపు మిక్సీ వేయకూడదు, కుక్కర్ కూత పెట్టకూడదు, చిన్నవాడు ఎక్కాలు గొణుగుతూనే చదవాలి. ఇలాంటి ఇళ్లు బెంగళూరులో ఎన్ని వేలో. ప్రపంచీకరణ అనగానే మనకు మాల్స్, బర్గర్లు, బ్రాండ్ బట్టలు గుర్తొస్తాయి. అవి కొనుక్కుంటే వస్తాయి, వద్దనుకుంటే లేదు. వేళ అలా కాదు. అది అడక్కుండానే ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఊరూరికీ ఓ పొద్దు ఉన్న కాలంలో మధ్యాహ్నం అంటే ఆ ఊళ్లో సూర్యుడు నడినెత్తికి వచ్చే సమయమే. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వాళ్ల నక్షత్రశాల ఉండేది. 1802లో అక్కడి ఖగోళ శాస్త్రవేత్త జాన్ గోల్డింగ్‌హామ్ లెక్క కట్టిన మద్రాసు సమయాన్ని తర్వాత రైళ్లు పట్టుకున్నాయి. బెంగళూరుకు రైలు 1864లో జోలార్‌పేట నుంచి వచ్చింది. 1884లో వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు కూర్చుని ప్రపంచమంతా వేళను లండన్ దగ్గరి గ్రీనిచ్ నుంచి లెక్క పెట్టాలన్నారు. 1906 జనవరి 1 నుంచి మనకు ఇప్పుడున్న దేశమంతటి ఒకే సమయం, ఐఎస్‌టీ వచ్చింది. గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం ఉత్తరాన మీర్జాపూర్ దగ్గరగా, ఇటు మన కాకినాడ దగ్గరగా వెళ్తుంది. కలకత్తా మాత్రం 1948 దాకా తన సొంత సమయాన్ని వదులుకోలేదు.

అంటే మనం మనది అనుకునే గడియారం కూడా ఎక్కడో గదుల్లో నిర్ణయమైనదే. అయితే ఒక్క తేడా ఉంది. ఆ మార్పు ఊరందరికీ కలిపి జరిగింది. పక్కింటివాళ్లకు ఎనిమిదైతే మనకూ ఎనిమిదే.

మా పెద్దమామయ్య 1970ల్లో చిత్తూరు జిల్లా నుంచి వచ్చి జాలహళ్లి వైపు ఓ ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో చేరాడు. అప్పటి బెంగళూరు అంటే హెచ్ఏఎల్, ఐటీఐ, హెచ్ఎంటీ, బీఈఎల్. 1940 నుంచి 1954 లోపు ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన ఈ ఫ్యాక్టరీలు మొత్తం పేటలనే కట్టాయి. పొద్దున సైరన్, గేటు ముందు సైకిళ్లు, సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు. మామయ్య బస్సు దిగే వేళ పేటలో అందరికీ తెలుసు. అత్తయ్య ఆ బస్సు హారన్ విని కాఫీకి పాలు పెట్టేదట. ఎనిమిదికల్లా అందరూ కింద కూర్చుని తినేవాళ్లు. ఆయన చేతికి హెచ్ఎంటీ వాచీ. ఆ వాచీల తయారీ బెంగళూరులో 1961లో జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతోనే మొదలైంది. బయటి దేశంతో సంబంధం అప్పుడూ ఉందన్నమాట. కాకపోతే జపాన్ నుంచి వాచీ చేసే విద్య వచ్చింది. ఆ వాచీలో ఏ టైముకు అన్నం తినాలో జపాన్ చెప్పలేదు.

అసలు మలుపు 1985. ఆ ఏడాది అమెరికా కంపెనీ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో కేంద్రం పెట్టింది. ఉపగ్రహం ద్వారా ఇక్కడి కంప్యూటర్లను అమెరికాతో కలిపే యాంటెన్నాను ఎద్దుల బండి మీద చేర్చారని ఆ కంపెనీ వాళ్లే చెప్పుకుంటారు. అంతకుముందు బయటి దేశాల పని చేయాలంటే మనిషి విమానమెక్కాలి, లేదంటే టేపుల మీద ప్రోగ్రాములు పంపుకోవాలి. ఉపగ్రహం లింకు వచ్చాక మనిషి ఇక్కడే ఉండి పని అక్కడిది చేయవచ్చని తేలింది. మన తెలుగువాడు పీవీ నరసింహారావు ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా 1991లో తలుపులు తెరిచారు. అదే ఏడాది సాఫ్ట్‌వేర్ పార్కుల ప్రభుత్వ సంస్థ ఎస్‌టీపీఐ ఏర్పడి, సొంతంగా లింకు పెట్టుకోలేని చిన్న కంపెనీలకు కూడా ఆ సదుపాయం అందించింది. ఎలక్ట్రానిక్స్ సిటీ స్థలం 1970ల నుంచే సిద్ధంగా ఉంది. 1990ల చివర్లో వైట్‌ఫీల్డ్‌లో ఐటీపీఎల్ అనే టెక్ పార్కు వచ్చింది. 2000 సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయన్న వైటూకే భయం అమెరికా కంపెనీలను ఇటు తోసింది. అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు కాలేజీల పిల్లలు మడివాళ, మారతహళ్లి పీజీల్లో దిగింది అప్పుడే.

ఆ రోజుల్లో కంపెనీలు తమ ప్రచారంలో గొప్పగా చెప్పుకున్న విషయం ఒకటుంది. అమెరికాలో రాత్రయితే ఇక్కడ పగలు, కాబట్టి వాళ్లు నిద్రపోతుండగా మనం పని చేసిపెడతాం, వాళ్లు లేచేసరికి సిద్ధంగా ఉంటుంది. వినడానికి ఎంతో బాగుంది. కానీ చేసిన పని అప్పగించాలన్నా, రేపటి పని అర్థం చేసుకోవాలన్నా ఇద్దరూ ఒకేసారి మెలకువగా ఉండాలి కదా. ఆ గంటో రెండు గంటలో ఎవరి రాత్రిలోంచి తీయాలి? డబ్బు ఇచ్చేవాడి రాత్రిలోంచి తీయరు. ఇదే అన్నిటికీ మూలమని నా నమ్మకం. మన సాయంత్రాన్ని మొదటి నుంచీ ఒప్పందంలో కలిపేసి అమ్మారు, దానికి ధర మాత్రం కట్టలేదు.

కాల్ సెంటర్లు వచ్చాక ఒకటి రెండు గంటలు కాదు, రాత్రంతా వెళ్లిపోయింది. కర్ణాటకలో 1961 నాటి దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం ఆడవాళ్లతో రాత్రిపూట పని చేయించడాన్ని నిషేధించింది. 2002లో ఐటీ, ఐటీ ఆధారిత సంస్థలకు మినహాయింపు ఇచ్చేలా దాన్ని సవరించారు. ఎంతోమంది అమ్మాయిలకు దానివల్ల ఉద్యోగాలు, సొంత సంపాదన వచ్చాయి. అది చిన్న విషయం కాదు. 2005 డిసెంబరులో రాత్రి డ్యూటీకి బయలుదేరిన ఒక యువతి హత్యకు గురైంది. క్యాబ్‌లో వచ్చిన డ్రైవరే హంతకుడు. ఊరంతా వణికిపోయింది. ఆ తర్వాతే క్యాబ్‌లో గార్డు ఉండాలి, ఆడపిల్లను ఒంటరిగా చివర దింపకూడదు అన్న నిబంధనలు గట్టిపడ్డాయి. దారి మీద ఆలోచన పెట్టారు, మంచిదే. నిద్ర గురించి ఎవరూ అడగలేదు. రాత్రి షిఫ్టు పని మనుషుల్లో క్యాన్సర్‌కు బహుశా కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2007లోనే చెప్పింది, 2019లో మళ్లీ చెప్పింది. ఒంట్లోని గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ ఇచ్చారు.

ఇక ఇంట్లోకి ఆఫీసు రావడం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, ల్యాప్‌టాప్ డైనింగ్ టేబుల్ ఎక్కింది. అందరూ దీన్ని కరోనా ఖాతాలో వేస్తారు. కానీ ఆ ఏడాది నవంబరులో టెలికాం శాఖ కాల్ సెంటర్ల వంటి సంస్థలకున్న పాత నిబంధనలను సడలించి, ఇంటి నుంచి పనికి శాశ్వతంగా దారి తెరిచిందని చాలామందికి తెలియదు. ఆఫీసులు తిరిగి తెరిచారు. పగలు ఆఫీసుకు వెళ్లాలి, సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి ఇంటికొచ్చి మళ్లీ కాల్‌లో కూర్చోవాలి. మా అన్నయ్య పరిస్థితి ఇదే. చెప్పులు విప్పుతూనే హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడు.

అదే 1961 చట్టం ప్రకారం పని రోజుకు 9 గంటలు, వారానికి 48. ఓవర్‌టైమ్ కలిపినా రోజుకు 10 దాటకూడదు. రాత్రి కాల్ ఆ లెక్కలో ఎక్కడ పడుతుందో అన్నయ్యను అడిగితే, ‘అది లాగిన్ అవర్స్‌లోకి రాదు’ అన్నాడు. 2024 జులైలో ఐటీ ఉద్యోగులతో రోజుకు 12 గంటలకు మించి కూడా పని చేయించుకునే వీలు కల్పించే ప్రతిపాదన వచ్చింది. ఉద్యోగుల సంఘం కేఐటీయూ రోడ్డెక్కి వ్యతిరేకించింది. పని వేళ ముగిశాక ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే దీని మీద ప్రైవేటు బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. అయినా మన సమస్య వాళ్లదానికంటే చిక్కు. ఫ్రాన్స్‌లో ఫోన్ చేసేవాడికీ ఎత్తేవాడికీ ఒకటే రాత్రి. ఇక్కడ ఫోన్ చేసేవాడికి అది పొద్దున పది గంటలు, అతను తప్పేమీ చేయట్లేదు. కాల్ వేళను వారం మార్చి వారం అటు కొంత, ఇటు కొంత పంచుకోవాలని కంపెనీలతో ఒప్పందాల్లోనే రాయించాలి. దేశంలో ఇప్పుడు విదేశీ కంపెనీలు తమ పని కోసం సొంతంగా పెట్టుకున్న గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు 1,700కు పైగా ఉన్నాయి, అన్నిటికంటే ఎక్కువ బెంగళూరులోనే. ఇంత అవసరం వాళ్లకు ఉన్నప్పుడు ఆ మాట అడగడానికి మొహమాటం ఎందుకు?

అన్నయ్య వాళ్ల అంతస్తులో నాలుగు ఫ్లాట్లు. ఒకరిది న్యూయార్క్ వేళ, ఎదురింటివాళ్లది లండన్. లండన్ గడియారం అక్టోబరు ఆఖరి ఆదివారమే మారుతుంది. మూడో ఇంట్లో అమ్మాయి సిడ్నీ టీమ్‌తో పొద్దున అయిదున్నరకే మాట్లాడుతుంది. నాలుగో ఇంట్లో ఉన్న రిటైరైన మాస్టారు గారొక్కరే ఐఎస్‌టీలో ఉన్నారని వదిన అంటుంది. వినాయక చవితి పందిరి దగ్గర కింద హారతి ఎన్నింటికి పెట్టాలన్నది తేల్చడానికి పోయినసారి వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు పట్టింది.

కార్తీక సోమవారాలు వదిన ఉపవాసం ఉంటుంది. చీకటి పడి నక్షత్రం కనిపించాక తినాలి. బాల్కనీలో దీపం పెట్టి, పక్క టవర్ల మధ్య ఉన్న కాస్త ఆకాశంలో వెతుకుతుంది. ఏడు లోపే కనిపిస్తుంది. పోయిన కార్తీకంలో నేను అక్కడే ఉన్నాను. ‘చుక్క వచ్చింది కదా వదినా, తినేయ్’ అన్నాను. ‘మీ అన్నయ్యది అవనీ’ అని పిల్లలకు వడ్డించి, తన కంచం బోర్లించి పెట్టింది. కాల్ ఆ రోజు పది నలభైకి అయింది.