ఫిల్లర్లు, చామనచాయ చర్మం: అపోహలు - వాస్తవాలు

"మాది నలుపు కదా డాక్టర్ గారూ, ఫిల్లర్ పడుతుందా?" పడుతుంది. ఫిల్లర్ అంటే ముఖం మీద గీతలు, గుంతలు నింపడానికి సూదితో ఎక్కించే జెల్. అందులో ఎక్కువగా వాడే హైలురోనిక్ యాసిడ్ అందరి చర్మంలోనూ ఉండేదే, దానికి రంగుతో పేచీ లేదు. కెలాయిడ్ (గాయం మానాక గడ్డలా పెరిగే మచ్చ) వస్తుందేమోనన్న భయం సహజమే గానీ, సన్నని సూదిపోటుకు రావడం చాలా అరుదు. చెవి కుట్టించుకున్న చోట గడ్డ కట్టిన వాళ్లు మాత్రం ముందే చెప్పండి. సూది దిగిన చోట మచ్చ పడవచ్చు. సన్‌స్క్రీన్ మానకపోతే నెలల్లో వెలిసిపోతుంది. ఫిల్లర్‌తో తెల్లబడతారన్నది మాత్రం ఎవరు పుట్టించారో గానీ, శుద్ధ అబద్ధం.

కొంప ముంచేది ఇవేవీ కావు. "నల్లగా కనిపిస్తే కమిలినట్టే, ఐస్ పెడితే పోతుంది" అన్న మాట.

జెల్ రక్తనాళానికి అడ్డుపడితే ఆ మేర చర్మానికి రక్తం అందదు. ఏ రంగు వారికైనా అరుదుగా జరిగేదే. తెల్లని చర్మమైతే పాలిపోయి, తర్వాత వల అల్లినట్టు ఊదా మరకలు తేలతాయి. మన చర్మం మీద ఆ వల సరిగా కనిపించదు.

పార్లర్‌లో ముక్కు పక్క గీతకు ఫిల్లర్ వేయించుకున్న ఒకావిడ మర్నాడు వచ్చారు. వాళ్లు చెప్పారని రాత్రంతా ఐస్ పెట్టారట, పాపం. ఐస్‌తో నాళాలు ఇంకా ముడుచుకుంటాయి. ట్యూబులైటు కింద ముక్కు రెక్క దగ్గర చిన్న నీడ, అంతే. వేలితో నొక్కి వదిలాను. రెండో వైపు రెండు సెకన్లలో రంగు తిరిగొచ్చింది. ఇటువైపు అయిదు దాటినా రాలేదు. వెంటనే ఆ జెల్‌ను కరిగించే హైలురోనిడేజ్ అనే మందు ఎక్కించి, గంట గంటకూ నొక్కి చూస్తూ మళ్లీ ఇచ్చాం. శుక్లాల ఆపరేషన్‌లో కంటి డాక్టర్లు మత్తుమందులో కలిపేది కూడా ఇదే, అపురూపమైన మందేమీ కాదు. చర్మం దక్కింది, రెక్క అంచున చిన్న నొక్కు మిగిలిపోయింది. "నేనే ఆలస్యం చేశాను" అని ఆవిడ ఒకటే బాధ. ఆలస్యం చేయించింది ఐస్ పెట్టమన్నవాళ్లు.

కాబట్టి రంగు కోసం చూస్తూ కూర్చోకండి. నొక్కి చూడండి, రెండో వైపుతో పోల్చండి. నొప్పి లేదని కూడా ధీమా వద్దు. చాలా ఫిల్లర్లలో లిడోకెయిన్ అనే తిమ్మిరి మందు కలిసే ఉంటుంది, మొదటి గంటల్లో నొప్పి తెలియనివ్వదు. చూపు మసకబారితే ఫోన్లు చేస్తూ ఆగకండి, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.

వేయించుకునే ముందు ఒక్కటే అడగండి: "మీ దగ్గర హైలురోనిడేజ్ ఉందా?" ఎందుకని ఎదురు ప్రశ్న వేస్తే చెప్పులు వేసుకుని వచ్చేయండి.