స్టీరింగ్ వణికితే బుష్షులు మార్చేయడమేనా? పాత మియాటా గురించి అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీల ముందు యాక్సిల్ కింద పడుకుని పని నేర్చుకున్నాను. ఇప్పుడు డెట్రాయిట్ శివార్లలో చిన్న షెడ్డు నడుపుతున్నాను. నా దగ్గరికొచ్చే పాత స్పోర్ట్స్ కార్లలో ఎక్కువ మాజ్దా మియాటాలే. అంటే మొదటి తరం ఎంఎక్స్-5. 1989లో మొదలై 1997 దాకా తయారైన, కప్పల కళ్లలా హెడ్‌లైట్లు పైకి లేచే బండి. బరువు దాదాపు ఒక టన్ను, నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే పైనొకటి కిందొకటి రెండు ఆర్ములు చక్రాన్ని పట్టుకునే ఏర్పాటు. రోడ్డు మీద గులకరాయి తగిలినా స్టీరింగ్ మన అరచేతికి చెప్తుంది. అందుకే ఆ బండంటే నాకు ప్రాణం. అందుకే చక్రంలో చిన్న లోపమున్నా అది దాచుకోదు.

గంటకు 95, 100 కి.మీ. దగ్గర స్టీరింగ్ అదరడం ఈ బండికి అందరికీ తెలిసిన జబ్బు. నాకొచ్చే ఫోన్లు దాదాపు అన్నీ ఒకేలా మొదలవుతాయి: "అన్నా, స్టీరింగ్ అదురుతోంది, బుష్షుల సెట్టు ఆర్డర్ పెట్టేశాను." బుష్షంటే ఆ ఆర్ములు బండికి అతికే చోట ఉండే రబ్బరు గొట్టం. ఆ ఆర్డర్ కొన్నాళ్లు ఆపమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: వణుకు వస్తే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సర్దడం) చేయించాలి.

కాదు. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది, స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. వణుకు మాత్రం తిరిగే వస్తువులోంచే పుడుతుంది. టైరు, రిమ్ము, హబ్బు (చక్రాన్ని బిగించే మధ్య భాగం), డిస్కు, షాఫ్టు, వీటిలో ఏదో ఒకటి. ఇంతకంటే దీని గురించి చెప్పాల్సింది లేదు.

అపోహ: బుష్షులు అరిగిపోవడం వల్లే వణుకు పుడుతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే. బుష్షు తిరగదు కదా, వణుకును అది పుట్టించలేదు. ఎక్కడో పుట్టిన వణుకును ఆపాల్సిన చోట ఆపలేక వదిలేస్తుంది, అంతే. పుట్టిన చోటు వేరు, పెరిగిన చోటు వేరు. ఈ రెండూ విడదీసి చూడకపోతే డబ్బు పోతుంది, వణుకు మిగులుతుంది.

చిన్న లెక్క చూడండి. కంపెనీ ఇచ్చిన 185/60 ఆర్14 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 1.81 మీటర్లు కదులుతుంది. గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు 27.8 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 15 సార్లు తిరుగుతోంది. ఇటు స్ప్రింగుకీ అటు టైరుకీ మధ్య ఊగే చక్రం, హబ్బు, బ్రేకు అన్నీ కలిసి ఒక ఉయ్యాల అనుకోండి. ఆ ఉయ్యాలకీ తనదైన ఊపు ఉంటుంది, అదీ చాలా కార్లలో సెకనుకు 10 నుంచి 15 సార్ల దగ్గరే. ఉయ్యాల వెనక్కొచ్చిన ప్రతిసారీ సరిగ్గా ఆ క్షణానికే తోస్తే ఎలా లేస్తుందో, 100 దగ్గర చక్రంలోని చిన్న బరువు తేడా అలా లేస్తుంది. అందుకే వణుకు 95 దగ్గర మొదలై 120 దాటేసరికి తగ్గిపోతుంది. గట్టి బుష్షులు, మంచి షాక్ అబ్జార్బర్లు ఆ ఊపును అణుస్తాయి. కానీ తోసే చెయ్యి చక్రం దగ్గరే ఉంది.

అదే వేగంలో ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు, 1.6 లీటర్ల బండిలో డిఫరెన్షియల్ నిష్పత్తి 4.3 కాబట్టి (చక్రం ఒక్కసారి తిరిగితే షాఫ్టు 4.3 సార్లు), సెకనుకు 66 సార్లు తిరుగుతుంది. అది చేతికి వణుకులా తగలదు, నడుం కింద గుంయ్‌మనే మోతలా వస్తుంది. కాబట్టి మీ బండి ఎక్కగానే నేను అడిగే మొదటి ప్రశ్న: ఎంత వేగంలో, చేతికా, సీటుకా? తర్వాత వణుకొచ్చే వేగంలో క్లచ్ తొక్కి ఇంజన్‌ని ఐడిల్‌కి పడనిస్తాను. వణుకు అలాగే ఉంటే ఇంజన్ని వదిలేయొచ్చు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

అపోహ: మొన్ననే బాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానం చేయడం) చేయించాను, కాబట్టి చక్రం తప్పు కాదు.

ఈ మాట పట్టుకుని ఒకాయన తన 1991 బండికి ముందు బుష్షులు, బాల్ జాయింట్లు, టైరాడ్ ఎండ్లు, షాకులు అన్నీ మార్పించి నా దగ్గరికొచ్చారు. వణుకు చెక్కుచెదరలేదు. మనిషి బాగా డీలా పడిపోయారు. "అన్నా, ఇంకేం మిగిలింది మార్చడానికి?"

ముందు చక్రం విప్పాను. తర్వాత వేసిన అల్లాయ్ అది. మియాటా హబ్బు మధ్య బొడిపె 54.1 మి.మీ. ఆ రిమ్ము మధ్య కన్నం 67 మి.మీ. పైనే. ఆ ఖాళీని పూడ్చాల్సిన రింగు లేదు. అంటే చక్రాన్ని నడిమధ్యకు తెచ్చేది నాలుగు కోన్ నట్లు మాత్రమే. బండి బరువు చక్రం మీద ఉండగానే నట్లు బిగించే గన్నుతో ఒక్కో నట్టూ ఒక్కసారిగా బిగిస్తే అది మధ్యలో కూర్చోదు. బాలెన్సింగ్ మెషీన్ మీద మాత్రం చక్కగా మధ్యలోనే కూర్చుంటుంది, సున్నా చూపిస్తుంది. మెషీన్ అబద్ధం చెప్పలేదు. అది చూసిన చక్రం వేరు, బండి మీద తిరిగిన చక్రం వేరు.

ఇంకా ఉంది. డిస్కు తీసి చూస్తే హబ్బు ముఖం మీద తుప్పు అంచు కట్టి ఉంది, పెనం అంచున మాడిన అట్టు ముక్కలా. గోటితో గీకితే రాలేదు. వైర్ బ్రష్షుతో, సన్న ఎమరీతో పోయేదాకా రుద్ది, డయల్ గేజ్ (కాస్త ఊగినా ముల్లుతో చూపించే కొలత పరికరం) పెట్టి చేత్తో తిప్పాను. ముల్లు కదలీ కదలనట్టు నిలిచింది. హబ్బు దగ్గర ఎంత తేడా ఉంటే రిమ్ము అంచుకొచ్చేసరికి అది రెండున్నర రెట్లవుతుంది. రిమ్ము అంచున అర మి.మీ. దాటితే నేను ఒప్పుకోను. నాలుగు చక్రాలకూ రింగులు వేసి, చక్రం గాల్లో ఉండగా నట్లు ఎదురెదురుగా చేత్తో తిప్పి, కిందికి దించాక టార్క్ రెంచితో 110 న్యూటన్ మీటర్లకు బిగించాను. రింగుల ఖరీదు ఒక పూట భోజనం ఖర్చంత. వణుకు పోయింది.

అదీ కుదరకపోతే అప్పుడు టైరు గుండ్రదనం చూడాలి. మామూలు బాలెన్సింగ్ బరువునే చూస్తుంది. టైరులో ఒక పక్క గట్టిదనం ఎక్కువుంటే అది పట్టుకోలేదు. డ్రమ్ముతో టైరును నొక్కి చూసే రోడ్ ఫోర్స్ మెషీన్ ఉన్న చోటికి తీసుకెళ్లండి. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య చివర 14 ఉంటే అది 2014లో తయారైంది. టైరు మీది గాడులు ఎంత లోతున్నా దాన్ని తీసేయాల్సిందే.

అపోహ: బ్రేకు వేస్తేనే వణుకుతోందంటే డిస్కు వేడికి వంగిపోయింది.

డిస్కు నిజంగా వంగడం చాలా అరుదు. అది తిరిగేటప్పుడు తుప్పు పెచ్చు వల్లో, గన్నుతో ఎడాపెడా బిగించడం వల్లో కాస్త పక్కలకు ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ ప్యాడుకు ఒకే చోట రాసుకుని కొన్ని వేల మైళ్లలో మందం తేడా వస్తుంది. లేదా ప్యాడు పదార్థం మచ్చలుగా అంటుకుంటుంది. 0.02 మి.మీ. తేడా చాలు, అంటే తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా కాదు, కాలికీ చేతికీ తెలిసిపోతుంది. హబ్బు శుభ్రం చేయకుండా కొత్త డిస్కు వేస్తే కొన్ని నెలలు బాగుంటుంది, మళ్లీ అదే కథ.

అపోహ: బుష్షులు ఎలా బిగిస్తే ఏముంది, బోల్టు టైటుగా ఉంటే చాలు.

వణుకు మూలం పోయాక, ముప్పై ఏళ్ల రబ్బరు మార్చడం మంచిదే. నేనూ మారుస్తాను. కానీ జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా ఆర్ము బోల్టులు పూర్తిగా బిగించకండి. రబ్బరు బుష్షు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ గొట్టం ఉన్నచోటే లాక్ అవుతుంది. తర్వాత బండి దించితే రబ్బరు మెలితిరిగిపోతుంది, ఇక ఎప్పుడూ మెలిలోనే ఉంటుంది. కొత్త బుష్షు ఏడాదికే చీలిపోతుంది, బండి కాస్త ఎత్తుగా నిలబడుతుంది. బండి నాలుగు చక్రాల మీద నిలబడి, రెండుసార్లు ముందుకీ వెనక్కీ దొర్లించాకే చివరి బిగింపు.

విప్పడం ఇంకా కష్టం. కింది ఆర్ములకు మూలకు రెండు చొప్పున ఎనిమిది క్యామ్ బోల్టులుంటాయి, అలైన్‌మెంట్ సర్దేది వాటితోనే. డెట్రాయిట్ నేల కిందే పెద్ద ఉప్పు గని ఉంది, చలికాలంలో రోడ్ల నిండా ఉప్పే. ఆ ఉప్పుకు బోల్టు లోపలి గొట్టంతో కలిసి ఒకే ముక్కలా పట్టేస్తుంది. కొట్టకండి, ఆర్ము వంగుతుంది. రంపంతో కోసి తీయడమే మర్యాద. కొత్త బోల్టులు ముందే తెప్పించుకోండి, వేసేటప్పుడు యాంటీ సీజ్ (బోల్టు పట్టేయకుండా ఆపే పూత) పూయండి. తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి.

అపోహ: రబ్బరు బదులు పాలీయురేథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం) బుష్షులైతే ఇంకా మేలు.

ట్రాక్ మీద నడిపేవాళ్లకు మేలు. అది అతుక్కుని మెలితిరిగే రకం కాదు, గొట్టం మీద తిరిగే రకం, కాబట్టి గ్రీజు కావాలి. గ్రీజు ఎండితే కిర్రుకిర్రుమంటుంది. చక్రంలో వణుకుంటే రబ్బరు కంటే నేరుగా దాన్ని చేతికి తెస్తుంది. వారానికోసారి సరదాగా తిప్పే బండికి నేను రబ్బరే వేస్తాను.

అపోహ: తక్కువ మైళ్లు తిరిగిన బండికి ఇవేమీ అక్కర్లేదు.

రబ్బరు మైళ్లు లెక్కపెట్టదు, ఏళ్లు లెక్కపెడుతుంది. షాకు పైనుండే బంప్ స్టాప్ అనే మెత్తటి దిమ్మను ఒకసారి వేలితో నొక్కి చూడండి. చాలా బళ్లలో రస్కులా పొడైపోతుంది.

ఒకటి మాత్రం వేరు. ఇక్కడ నవంబర్‌లో కవర్ కప్పి ఏప్రిల్‌లో తీసే బండికి, నేలకు ఆనిన చోట టైరు చదునవుతుంది. మొదటి రోజు స్టీరింగ్ అదిరిందని ఏమీ ఆర్డర్ పెట్టకండి. గాలి సరిచూసి హైవే మీద అరగంట నడపండి. టైరు వేడెక్కి గుండ్రమైతే అదే పోతుంది. పోకపోతే అప్పుడు తీసుకురండి, చక్రం విప్పి హబ్బు దగ్గర నుంచి మొదలుపెడదాం.