ఊట లేని బావి

దక్షిణ ధ్రువంలోని పరిశోధన కేంద్రంలో ఉండేవారికి వారానికి రెండే స్నానాలు, అవి కూడా ఒక్కొక్కటి రెండే నిమిషాలు అని ఎక్కడో చదివిన ఒక పాఠకురాలు, భూమి మీది మంచినీటిలో సగానికి మించి ఆ అంటార్కిటికా ఖండం మీదే పేరుకొని ఉండగా అక్కడివారికి నీటి కరవేమిటని అడిగారు. ప్రశ్న చిన్నదే. కానీ దాని వెంట పోతే ధ్రువప్రాంతపు జీవనమంతా ఒక్క బావి చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. చాలాకాలంగా నన్ను పట్టి ఉంచిన ఆ బావి గురించే ఈ వ్యాసం.

ఆ కేంద్రం పేరు అముండ్సెన్–స్కాట్. అది సముద్రమట్టానికి 2,835 మీటర్ల ఎత్తున ఉంది, ఆ ఎత్తులో చాలా భాగం మంచే. అక్కడి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన దాదాపు 50 డిగ్రీల సెల్సియస్. ఇంత చల్లని మంచును ఒక కిలో తీసుకుంటే, దాన్ని సున్నా డిగ్రీల దాకా తేవడానికి సుమారు 100 కిలోజౌళ్ల వేడి కావాలి. సున్నాకు చేరిన తరువాత, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా పెరగకుండానే, అది నీరుగా మారడానికి మరో 334 కిలోజౌళ్లు కావాలి. ఈ రెండో అంకెనే బడిలో ద్రవీభవన గుప్తోష్ణం పేరుతో వల్లె వేయించి, పరీక్షలో ఒక లెక్క చేయించి వదిలేస్తారు. కిలో మంచును కరిగించే వేడితో కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చని ఒక్కసారి చేసి చూపిస్తే, ఆ అంకె పిల్లలకు జన్మంతా గుర్తుంటుంది. ధ్రువంలో నీటి కరవు అంటే వేడి కరవే. వేడి కరవు అంటే ఇంధనం కరవు.

వంద మంది ఉన్నారనీ, తలా ఒక్కింటికి రోజుకు 60 లీటర్లు కావాలనీ అనుకుందాం. అంటే రోజుకు ఆరు టన్నుల మంచును కరిగించాలి. కిలోకు 434 కిలోజౌళ్ల చొప్పున లెక్క వేస్తే, పగలూ రాత్రీ ఎడతెగకుండా 30 కిలోవాట్ల వేడి అందుతూ ఉండాలి. ఎక్కడా నష్టం లేదనుకున్నా, దానికోసమే రోజుకు 70 లీటర్లకు పైగా డీజిల్ కాల్చాలి. ఆ డీజిల్ అక్కడికి విమానంలోనైనా రావాలి, లేదా తీరాన ఉన్న మెక్‌మర్డో కేంద్రం నుంచి సుమారు 1,600 కిలోమీటర్లు ట్రాక్టర్లు లాగే బళ్ల మీదనైనా రావాలి. శీతకాలంలో నెలల తరబడి ఏదీ రాదు. స్నానానికి రెండు నిమిషాల గడువు పెట్టింది ఈ లెక్కే.

అయితే నీటికోసం ప్రత్యేకంగా ఇంధనం కాల్చనక్కరలేదన్న తెలివిడి దగ్గర అసలు కథ మొదలవుతుంది. డీజిల్ జనరేటరులో కాలిన ఇంధనపు శక్తిలో విద్యుత్తుగా మారేది 35 నుంచి 40 శాతం, మిగిలినదంతా వేడిగా పోతుంది. వెచ్చని దేశాల్లో ఆ వేడి ఒక బెడద, దాన్ని వదిలించుకోవడానికి పంకాలూ రేడియేటర్లూ పెట్టుకుంటారు. ధ్రువకేంద్రంలో ఆ వేడిని గడ్డకట్టని గ్లైకాల్ ద్రవంలోకి ఎక్కించి, గొట్టాల ద్వారా గదులను వెచ్చబెడతారు, అందులో కొంత భాగాన్ని బావికి పంపుతారు. కేంద్రం వాడే విద్యుత్తు వందల కిలోవాట్లలో ఉంటుంది కాబట్టి, దానితో పాటు పుట్టే వేడి ముందు మన 30 కిలోవాట్లు పెద్ద భారం కాదు. ఒకసారి దీపాలనూ పరికరాలనూ నడిపిన ఇంధనమే రెండోసారి దాహం తీరుస్తుంది.

ఇక బావి. 1960 ప్రాంతంలో రోడ్రిగెజ్ అనే అమెరికా సైనిక ఇంజనీరు గ్రీన్‌లాండు మంచులో దీన్ని రూపొందించాడు, అందుకే దీనికి రోడ్రిగెజ్ బావి అని పేరు, వాడుకలో రాడ్‌వెల్. మనకు తెలిసిన బావి తోడేకొద్దీ ఊరుతుంది. ఈ బావికి ఊట లేదు, వేడి ఇచ్చినంత మేరకే నీరిస్తుంది. ముందుగా వేడినీటితో మంచులో సన్నని రంధ్రం చేసుకుంటూ పదుల మీటర్ల లోతుకు దిగుతారు. పైపొరల్లోని మంచు ఇంకా గాలి గదులతో స్పంజిలా ఉంటుంది. దాన్ని ఫిర్న్ అంటారు. అక్కడ నీరు పోస్తే నిలవదు, ఇంకిపోతుంది. పైపొరల బరువుకు మంచు నొక్కుకుపోయి, ఇంకిన నీరు కూడా గడ్డకట్టి గోడలకు పూతలా పట్టేంత లోతుకు చేరాక, కరిగిన నీరు నిలవడం మొదలవుతుంది. అప్పటి నుంచి ఆ నీటినే పైకి తోడి, ఉష్ణవినిమయ యంత్రంలో వెచ్చబెట్టి, తిరిగి లోపలికి పంపుతారు. వెచ్చని నీరు చుట్టూ ఉన్న మంచును కరిగిస్తూ పోగా, సన్నని మెడ కింద పెద్ద బల్బు ఆకారంలో ఒక చెరువు తయారవుతుంది. తిరిగి పంపిన దానికంటే ఎక్కువ తోడినప్పుడు, ఆ ఎక్కువే కేంద్రం వాడుకునే నీరు.

ఆ చెరువు ఆకారం వెనుక ఉన్న భౌతికశాస్త్రాన్ని ఎన్నిసార్లు తలచుకున్నా నాకు తనివి తీరదు. నీటి సాంద్రత నాలుగు డిగ్రీల దగ్గర అత్యధికం. మంచు గోడను ఆనుకొని ఉన్న నీరు సున్నా దగ్గర ఉంటుంది. సున్నా డిగ్రీల నీరు, సుమారు ఎనిమిది డిగ్రీల నీరు ఇంచుమించు ఒకే సాంద్రతతో ఉంటాయి, ఈ రెండింటి మధ్యనున్న నీరంతా వాటికంటే బరువైనది. అందువల్ల లోపలికి పంపిన వేడినీరు మొదట పైన తేలినా, చుట్టూ ఉన్న నీటిలో కలిసి చల్లబడి ఎనిమిది డిగ్రీల కిందికి రాగానే బరువెక్కి అడుగుకు దిగుతుంది. వేడి పైకే పోతుందని నేర్చుకున్న మనకు ఇది తలకిందుల వ్యవహారంగా తోస్తుంది. ఇక్కడ వేడి నీటితో పాటు కిందికి దిగి అడుగును తొలుస్తుంది. దీనికి తోడు, నూరు ఘనమీటర్ల మంచు కరిగితే 92 ఘనమీటర్ల నీరే వస్తుంది కాబట్టి, ఒక్క చుక్క తోడకపోయినా నీటిమట్టం దిగుతూనే ఉంటుంది. తోడడం ఎక్కువైతే చెరువు వేగంగా లోతుకు జారి సన్నబడుతుంది, తక్కువైతే పక్కలకు వెడల్పవుతుంది. కేంద్రంలో జనం ఎన్ని నీళ్లు వాడారో ఆ బావి ఆకారమే చెబుతుంది.

వేడి అంతా కరిగించడానికే పోదు. చుట్టూ ఉన్న సున్నాకు 50 డిగ్రీల దిగువ మంచు దాన్ని తాగుతూనే ఉంటుంది. చెరువును ఎనిమిది మీటర్ల వ్యాసార్థం ఉన్న గోళంగా ఊహించి, మంచు ఉష్ణవాహకతను మీటరుకు, డిగ్రీకి 2.4 వాట్లుగా తీసుకుంటే, చాలాకాలానికి స్థిరపడిన స్థితిలో చుట్టూ జారిపోయే వేడి సుమారు 12 కిలోవాట్లని తేలుతుంది. మొదటి నెలల్లో, పక్క మంచు ఇంకా వెచ్చబడనప్పుడు, ఇది ఇంకా ఎక్కువ. ఈ నష్టం వ్యాసార్థంతో పాటు మాత్రమే పెరుగుతుంది, చెరువులోని నీరు మాత్రం వ్యాసార్థపు ఘనంతో పెరుగుతుంది. అంటే వ్యాసార్థం రెట్టింపైతే నష్టం రెట్టింపవుతుంది, నీరు ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి లీటరు లెక్కన చూస్తే పెద్ద చెరువును బతికించుకోవడం చిన్నదాని కంటే చౌక. వేడి పంపడం ఆపితే అంచుల నుంచి లోపలికి గడ్డకట్టడం మొదలవుతుంది. కాచుకొని ఉండే మనుషులు, ఆగని జనరేటరు లేకుండా ఈ బావికి మనుగడ లేదు.

నీటికోసం తవ్విన ఈ బావి విజ్ఞానశాస్త్రానికి ఎవరూ ఊహించని పనిముట్టయింది. అంతరిక్షం నుంచి భూమి మీదకు నిత్యం సన్నని ధూళి రాలుతూనే ఉంటుంది. మిగతా చోట్ల అది మట్టిలో కలిసిపోయి గుర్తుపట్టరానిదవుతుంది. ధ్రువం మీద మట్టి లేదు, కిలోమీటర్ల దూరంలో రాయి లేదు. ఏటా దాదాపు ఎనిమిది సెంటీమీటర్ల నీటికి సమానమైన మంచు మాత్రమే అక్కడ పడుతుంది. ఆ మంచులో చిక్కుకున్న రేణువులు, బావిలో మంచు కరిగేకొద్దీ విడివడి అడుగున పేరుకుంటాయి. రోజుకు ఆరు టన్నుల చొప్పున వేసుకున్నా ఏడాదికి రెండు వేల టన్నులకు పైగా ప్రాచీన మంచును ఆ బావి వడగడుతున్నట్టే. అమెరికా శాస్త్రవేత్త సుసాన్ టేలర్, ఆమె సహచరులు 1995లో వంద మీటర్లకు మించిన లోతున ఉన్న ఆ అడుగు మీదికి ఊడ్చి పీల్చే యంత్రాన్ని దింపి ఆ ధూళిని సేకరించారు. క్రీ.శ. 1100 నుంచి 1500 మధ్య కురిసిన మంచులోని ధూళి అది. వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు కరిగి ఉండలు కట్టిన రేణువులను లెక్కించి, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు నుంచి ఏడు పదో వంతుల దాకా పరిమాణం గల అటువంటి ఉండలు ఏటా భూమి మొత్తం మీద సుమారు 2,700 టన్నులు రాలుతున్నాయని, అందులో 1,400 టన్నులు అటూ ఇటూ కావచ్చని 1998లో ప్రకటించారు. చుక్క రాలితే ఎవరికో కీడు మూడిందని నమ్మేవారికి నేను చెప్పదలచుకున్నది ఇదే: చుక్కలు రాలని రోజంటూ లేదు, ఆ ధూళి ఎవరినీ ఎంచుకోకుండా అందరి మీదా సమానంగా పడుతోంది.

అదే కేంద్రంలో న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలను పట్టే ఐస్‌క్యూబ్ పరిశోధనశాల కూడా కరిగించిన మంచు మీదే కట్టినది. 60 సెంటీమీటర్ల వెడల్పు, రెండున్నర కిలోమీటర్ల లోతు ఉన్న 86 రంధ్రాలను వేడినీటి ధారతో తొలిచి, వాటిలో 5,160 కాంతి గ్రాహకాలను దింపారు. నీరు మళ్లీ గడ్డకట్టి వాటిని శాశ్వతంగా బిగించేసింది. 2010 డిసెంబరులో ఆ పని ముగిసింది. తొలిచే యంత్రానికి మొదటి నీరు కూడా ఒక రాడ్‌వెల్ నుంచే వచ్చింది. ఒక్కొక్క రంధ్రానికి కరిగించిన మంచు ఇంచుమించు 700 ఘనమీటర్లు. పైన వాడిన గుప్తోష్ణం లెక్కతో చూస్తే, ఏ నష్టమూ లేకున్నా ఒక్కో రంధ్రానికి ఏడు వేల లీటర్ల ఇంధనం తప్పదు. అక్కడ పుట్టే జ్ఞానానికి ఇంధనంలో కూడా ఒక వెల ఉంది. పరిశోధకులు దాన్ని దాచకుండా లెక్కగట్టి చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

అన్ని కేంద్రాలకూ ఈ బావి అవసరం లేదు. భారతదేశపు మైత్రి కేంద్రం షిర్మాకర్ ఒయాసిస్సు అనే మంచు కప్పని రాతినేల మీద ఉంది, పక్కనే ఉన్న ప్రియదర్శిని సరస్సు దానికి నీరిస్తుంది. 2009లో ప్రారంభమైన బెల్జియం కేంద్రం ప్రిన్సెస్ ఎలిజబెత్ తొమ్మిది గాలిమరలతో, సౌరఫలకాలతో నడుస్తుంది, వాడిన నీటిని శుద్ధిచేసి మళ్లీ వాడుకుంటుంది. కరిగించిన నీటిని రెండోసారి వాడితే 434 కిలోజౌళ్లు మిగులుతాయన్న లెక్క దాని వెనుక ఉంది. అయితే అది ప్రధానంగా వేసవి కేంద్రం. ఆరు నెలల చీకటిలో మనుషులను నిలబెట్టవలసిన ధ్రువకేంద్రంతో దాన్ని నేరుగా పోల్చి, వీరు మంచివారు, వారు కాదు అనడం న్యాయం కాదు.

వాడిన నీరు ఎక్కడికి పోతుందన్నది చివరి ప్రశ్న, నాకు అన్నిటికంటే ఇబ్బంది కలిగించేది కూడా ఇదే. ధ్రువంలో బావి మరీ లోతైపోయి, తోడడానికే శక్తి ఎక్కువ ఖర్చవుతున్నప్పుడు దాన్ని వదిలి కొత్తది మొదలుపెడతారు. ఖాళీ అయిన పాత కుహరంలోకి మురుగునీటిని పంపుతారు, అది అక్కడే గడ్డకడుతుంది. 1991లో కుదిరి 1998లో అమలులోకి వచ్చిన అంటార్కిటికా పర్యావరణ పరిరక్షణ ఒడంబడిక, మంచు ఫలకం లోపలి భాగంలోని కేంద్రాలకు వేరే ఆచరణీయ మార్గం లేనప్పుడు లోతైన మంచు గోతుల్లో మురుగు వదలడానికి అనుమతి ఇస్తుంది. మంచు లేని నేల దగ్గరో, మంచు వేగంగా హరించుకుపోయే చోటో ముగిసే ప్రవాహమార్గాల మీద ఆ గోతులు ఉండరాదన్న షరతు కూడా పెడుతుంది. ప్రవాహమార్గం అన్న మాట అక్కడ ఊరికే రాలేదు. ధ్రువం దగ్గరి మంచు ఏటా పది మీటర్ల చొప్పున ఖండపు అంచునున్న వెడెల్ సముద్రం దిక్కుగా జారుతోంది. అందుకే ప్రతి జనవరి 1న దక్షిణ ధ్రువపు గుర్తును సరైన చోట తిరిగి పాతుతారు. కొత్త గుర్తుకూ నిరుటి గుర్తుకూ మధ్య కనిపించే ఆ పది మీటర్లే, కిందనున్న పాత బావి తన మురుగుతో సహా ఆ ఏడాదిలో నడిచిన దూరం.