బట్టల మూటలు కాదు, పార పట్టుకుని రండి: వరద సహాయంలో అపోహలు – వాస్తవాలు

వాలంటీర్లకు శిక్షణ ఇచ్చే ప్రతిసారీ, మొదటి రోజు టీ విరామంలోనే ఎవరో ఒకరు దగ్గరికి వచ్చి ‘సార్, పాత బట్టలు ఎక్కడ జమ చెయ్యాలె?’ అని అడుగుతారు. 2024 సెప్టెంబరు 1న కోదాడ మునిగినప్పుడు మహబూబ్‌నగర్‌లో నాకు వచ్చిన ఫోన్లలోనూ ఎక్కువ భాగం ఇదే ప్రశ్న. అడిగేవారి మనసు మంచిదే కాబట్టి విసుక్కోకూడదని అనుకుంటాను. పైగా, ఆ తప్పు చేసి వచ్చినవాణ్ణే నేను కూడా.

అపోహ: సహాయమంటే సామాను తీసుకెళ్ళి పంచడం.

2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ ఒకేసారి పొంగి, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపూర్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు నేను మొదటిసారి వరద ఊళ్ళోకి వెళ్ళాను. పదకొండు మందిమి ఒక డీసీఎం వ్యానులో బట్టల మూటలు, పులిహోర పొట్లాలు వేసుకుని, బీచుపల్లి వంతెన దాటి, శాంతినగర్ మీదుగా రాజోలి చేరేసరికి సాయంత్రమైంది. తెల్లవారుజామున కట్టిన పులిహోర అప్పటికే పాచి వాసన కొడుతోంది. ఊరి ముందర మాలాంటి బండ్లే వరుసగా నిలిచిపోవడంతో, నిజంగా అవసరమైన నీళ్ళ ట్యాంకరు వాటి వెనుక గంటసేపు హారన్ కొడుతూ ఉండిపోయింది. దానికి అడ్డం ఉన్న బండ్లలో మాదీ ఒకటి.

రాజోలి చేనేతకు పేరున్న ఊరు. నేను ఇవ్వబోయిన చీర అంచును ఒక పెద్దమ్మ రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, ‘బట్టలు నేసేటోళ్ళకు పాత బట్టలు తెచ్చినవా బిడ్డా’ అన్నది. ఆ మాటలో కోపం లేదు. ఇంట్లోకి పిలిచి చూపించింది: మగ్గం గుంత అంచులదాకా ఒండ్రుతో నిండిపోయి ఉంది, పడుగు దారాలు బురదతో అతుక్కుపోయి తాళ్ళలా వేలాడుతున్నాయి. ఆమెకు కావలసింది ఒక పార, రెండు తట్టలు, నలుగురు మనుషులు. మనుషులం పదకొండు మందిమి ఉన్నాం గానీ, మాలో ఒక్కరి దగ్గరా పార లేదు. పక్క ఊరి నుంచి అడిగి తెచ్చి, రెండు రోజులు ఎత్తిపోస్తే, గుంత అడుగున నాడె, అంటే నేతలో దారాన్ని అటూ ఇటూ నడిపే పనిముట్టు, దొరికింది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసింది.

పది రోజుల తరువాత మళ్ళీ వెళితే, మేం దింపిన మూటలు బడి గోడ పక్కన వానకు తడిసి, బూజు పట్టి, కుక్కలకు పడకలయ్యాయి. వాటిని ఎత్తివేసే పని కూడా చివరికి ఆ ఊరి పారిశుద్ధ్య కార్మికుల మీదే పడింది. కాబట్టి బయలుదేరే ముందు జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు గానీ, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070కు గానీ ఫోన్ చేసి ఏ ఊళ్ళో ఏ కొరత ఉందో కనుక్కోండి. తెలియనప్పుడు డబ్బు పంపండి. మునగని పక్క పట్టణంలో దుకాణాలు తెరిచే ఉంటాయి. శానిటరీ ప్యాడ్లు, టార్పాలిన్లు, కొత్త లోదుస్తులు, టార్చిలైట్లు అక్కడే కొనవచ్చు.

అపోహ: నీళ్ళు తేరుకుంటే తాగవచ్చు, వీధుల్లో బ్లీచింగ్ చల్లితే రోగాలు రావు.

పెద్దల పర్యటనకు ముందు దారికి రెండు పక్కలా ముగ్గు పోసినట్టు చల్లే బ్లీచింగ్ పౌడర్ కంటికి తృప్తినిస్తుందే తప్ప, అతిసారాన్ని ఆపదు. అది పడవలసింది బావిలో. ముందు బురద నీటిని తోడేయాలి, తరువాత కొలత ప్రకారం కలపాలి: వెయ్యి లీటర్లకు నాణ్యమైన పౌడర్ రెండున్నర గ్రాములు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీటి లోతు ఉన్న గుండ్రటి బావిలో సుమారు 28 వేల లీటర్లు ఉంటాయి కనుక, దానికి 70 గ్రాములు. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే బావిలో కలిపి, గంట ఆగి, లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలిందో లేదో పరీక్షించాలి. మిగలకపోతే మళ్ళీ కలపాలి, ఎందుకంటే మురికి ఉన్న నీరు క్లోరిన్‌ను మింగేస్తుంది. మూత తెరిచి నెలలు గడిచిన బస్తా సున్నంతో సమానం. ఇదంతా కుదరని ఇంట్లో నీళ్ళు మరగకాచి తాగడమే మార్గం.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ‘శవాల వల్ల అంటురోగాలు వస్తాయి’ అనే భయంతో గుర్తింపు కూడా కాకుండా తొందరగా పూడ్చేయడం ఆ కుటుంబానికి చేసే అన్యాయం. వరదలో మునిగి చనిపోయినవారి దేహాల వల్ల అంటువ్యాధులు ప్రబలవు, చేతికి తొడుగులు ఉంటే చాలు. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం మూడూ తప్పే. కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఇక ‘డ్యాం తెగిందట’ అనే మాట. 2009లో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, పూర్తిస్థాయి నీటిమట్టమైన 885 అడుగులు దాటింది, అయినా ఆనకట్ట నిలిచింది. ఆ పుకారు విని, పసిపిల్లల్ని చంకనేసుకుని రాత్రిపూట చీకట్లో గుట్టలెక్కిన తల్లులను నేను తప్పుపట్టను. నిర్ధారించుకోకుండా దాన్ని నలుగురికి చేరవేసినవారిని మాత్రం క్షమించలేను.

ఇప్పుడు నా శిక్షణకు వచ్చేవారికి ముందే చెబుతాను: టెటనస్ సూది వేయించుకోండి, మోకాళ్ళదాకా వచ్చే గంబూట్లు వేసుకోండి, మూడు రోజులకు మీ తిండి, మీ తాగునీరు మీరే మోసుకోండి. ఇద్దరికి ఒక పార.