ఒకే వాన, రెండు చేలు

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

"లాక్‌డౌన్‌లో అందరం ఇంట్లోనే ఉన్నాం కదా తాతా, నాకేమో అప్పటి ఆటలే గుర్తున్నాయి, అమ్మమ్మ మాత్రం ఆ మాటెత్తితే లేచి వెళ్లిపోతుందెందుకు?" అని అడిగారు. ఇక్కడ వాన పడుతోంది కాబట్టి వాన సంగతితోనే చెప్తాను.

ఎర్ర చెలక మీదా, నల్లరేగడి మీదా ఒకే వాన పడిందనుకోండి. చెలకలో నీళ్లు తొందరగా ఇంకిపోతాయి. రెండెండలు కాశాయంటే పైన పెచ్చు కడుతుంది. విత్తనం మొలిచినా దాన్ని చీల్చుకుని రాలేదు. రేగడి అలా కాదు. తాగినంత తాగి ఉబ్బుతుంది, నెలల తరబడి చెమ్మ దాచుకుంటుంది, పైకి మామూలుగానే కనిపిస్తుంది. ఎండాకాలంలో చూడాలి, చెయ్యి దూరేంత నెర్రెలు!

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. అప్పటి ఒకటో తరగతి పిల్లలు చెలక నేల. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి టీవీలో పాఠాలైతే వచ్చాయి గానీ, అవి మూడో తరగతి నుంచి పైవాళ్లకే. అయినా కటీఫ్ చెప్పి సాయంత్రానికల్లా మళ్లీ పలకడం ఏ టీవీ నేర్పుతుంది? బడి తెరిచాక కొందరు అమ్మ కొంగు వదల్లేదు, కొందరు నోరు విప్పలేదు. తెలివి తగ్గిందన్నారు పెద్దలు. తగ్గింది తెలివి కాదు, మొలకకు పెచ్చు అడ్డం పడింది.

నర్సులు రేగడి. పీపీఈ కిట్ వేసుకుంటే గంటల తరబడి గుక్కెడు నీళ్లు తాగడానికీ లేదు, ఏడవడానికీ తీరిక లేదు. పని తగ్గాక, ఇంట్లో పడుకున్నప్పుడు మొదలైంది చాలామందికి నిద్ర పట్టకపోవడం. అమ్మమ్మా రేగడే. మీ అమ్మ వాళ్ల నాన్న, మీ తాతయ్య, అప్పుడే పోయారు. అంత్యక్రియలకు 20 మందికి మించి రాకూడదన్న రోజులవి. మామూలుగానైతే చావు జరిగిన ఇంటికి పదకొండు రోజులూ జనం వస్తూనే ఉంటారు, ఎలా జరిగిందో వచ్చినవాళ్లందరికీ మళ్లీ మళ్లీ చెప్పాలి. విసుగనిపిస్తుంది గానీ, చెప్పగా చెప్పగానే దుఃఖం కరుగుతుంది. అమ్మమ్మకు ఆ చెప్పుకోవడం మిగిలిపోయింది.

వలస కూలీల దగ్గర నా పోలిక చెల్లదు. వాళ్ల మీద పడింది మనమీద పడిన వాన కాదు. పని లేదు, అద్దె కట్టాలి, ఊరు వెయ్యి కిలోమీటర్లు. 2020 మే 1న హైదరాబాద్ దగ్గరి లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ రైలు దాదాపు 1,200 మందితో వెళ్లింది. అప్పటికే ఎందరో నడక మొదలుపెట్టారు. అలాంటివాళ్లకు ధైర్యం చెప్పడం కన్నా ముందు అన్నం, టికెట్ ఇవ్వాలి. అవే మందు.

కరోనా మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఎక్కువ దెబ్బ యువతకూ, ఆడవాళ్లకూ. ఇంట్లో అందరూ ఉంటే వంట ఎన్ని పూటలో, గిన్నెలు ఎన్నో మీ అమ్మనడగండి.

ఇక అమ్మమ్మ సంగతి. మా చిన్నప్పుడు ఎడ్లతో చేలో ఈడ్చే గుంటకకు బరువు కావాలంటే రాయి బదులు మమ్మల్నే ఎక్కించేవాళ్లు. పెచ్చు పగలగొట్టడానికి మాత్రం ముళ్లకంప తేలిగ్గా ఈడ్చేవాళ్లు, బరువు పడితే మొలక తెగుతుంది. మీరూ అంతే. "ఏమైంది, చెప్పు" అని నిలదీయకండి. చిక్కుడుకాయలు వలిచేటప్పుడు పక్కన కూర్చుని, తాతయ్యకు ఏ కూర ఇష్టమో అడగండి. చెప్తే వినండి, మధ్యలో "మర్చిపో అమ్మమ్మా" అనకండి. లేచి వెళ్తే వెళ్లనివ్వండి, ఇంకో రోజు అడగొచ్చు. రెండు వారాలు దాటినా నిద్రా తిండీ సరిగ్గా లేకపోతే అమ్మకు చెప్పండి. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వాన వెలిసిన రెండో రోజు చెలకలోకి వెళ్లి చూడండి. పెచ్చు సన్నగా చీలి, కాస్త పైకి లేచిన చోట కింద మొలక మెడ వంచుకుని ఉంటుంది. పెచ్చును మాత్రం వేలితో పక్కకు తీయండి. మొలకను లాగకండి.

ఇట్లు,
మీ తాత