దారం లోపలికి దిగని నీలం

మా వీధిలో ఉండే హిందూపురం అమ్మాయి బెంగళూరు బొమ్మనహళ్ళి దగ్గర గార్మెంట్స్‌లో చెకింగ్ పని చేస్తుంది. మొన్నొక ఆదివారం అడిగింది: “సార్, టీషర్టుదీ కాటనే, జీన్ ప్యాంటుదీ కాటనే. రెండూ నీలమే. టీషర్టు ఎన్నిసార్లు ఉతికినా రంగు అట్లే ఉంటుంది. జీన్స్ మాత్రం మోకాళ్ళ దగ్గర, జేబు అంచుల దగ్గర తెల్లబడిపోతుంది. మేమైతే కొత్త ప్యాంటును కూడా అట్ల తెల్లగా చేసే పంపిస్తాం. ఎందుకు సార్?”

ఇంత మంచి ప్రశ్న ఈ మధ్య నన్నెవరూ అడగలేదు. దీని జవాబంతా జీన్స్‌కు వేసే నీలిమందు, అంటే ఇండిగో రంగు, నూలును పట్టుకునే తీరులో ఉంది.

పేర్ల సంగతి ముందే ముగించేద్దాం. జీన్స్ అంటే ప్యాంటు, డెనిమ్ అంటే దాన్ని కుట్టే గుడ్డ. మొదటి మాట ఇటలీలోని జెనోవా రేవు నుంచి, రెండోది ఫ్రాన్సులోని నీమ్ పట్టణం నుంచి వచ్చాయంటారు. డంగరీ అనే ముతక గుడ్డ పేరు మన ముంబయిలోని డోంగ్రీ పేరు మీద వచ్చింది. జేబుల మూలలకు రాగి రివెట్లు కొట్టే పద్ధతికి 1873లో జేకబ్ డేవిస్, లీవై స్ట్రాస్‌లకు అమెరికాలో పేటెంటు వచ్చింది. ఇక రంగులోకి దిగుదాం.

నీలిమందు నీళ్ళలో కరగదు. దాని అణువు బల్లపరుపుగా ఉంటుంది. పక్కపక్కనున్న అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. నీటికి మధ్యలో దూరే సందు దొరకదు. కరగని దాన్ని నూలుకు పట్టించాలంటే ముందు దాని రూపం మార్చాలి. క్షార ద్రావణంలో నీలిమందుకు ఎలక్ట్రాన్లు అందిస్తే, అంటే క్షయకరణం చేస్తే, నీలం పోయి పసుపుపచ్చగా మారి నీళ్ళలో కరుగుతుంది. అందులో నూలు ముంచి పైకి తీయండి. బయటికి రాగానే పసుపుపచ్చ, చూస్తుండగానే ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం. గాలిలోని ఆక్సిజన్ తగిలి పాత రూపం తిరిగొచ్చింది. ఇప్పుడది మళ్ళీ నీళ్ళలో కరగదు, కాబట్టి నూలు మీదే ఉండిపోతుంది.

పాత అద్దకం వాళ్ళు ఇదే పనిని కుండలో చేసేవారు. నీలిమందు, సున్నం, ఉడికించిన తగిరిస గింజలు వేసి పులియబెడితే, క్షయకరణం పని సూక్ష్మజీవులు చూసుకునేవి. ఇప్పుడు మిల్లుల్లో కాస్టిక్ సోడా, హైడ్రోస్ వాడతారు. హైడ్రోస్ అంటే సోడియం డైథయొనైట్. మన పిల్లలు హైస్కూలు నుంచి ఇంటర్ దాకా ఆక్సీకరణం, క్షయకరణం అని సమీకరణాలు బట్టీ పడతారు. ఒక గాజు పాత్రలో నీలిమందు కరిగించి, ఒక నూలు పోగు ముంచి తీసి చూపిస్తే చాలు, ఆ పాఠం జన్మలో మరచిపోరు. ఖర్చూ పెద్దగా ఉండదు. ఎందుకు చూపించరా అని నాకు ఎంతో బాధగా ఉంటుంది.

అసలు కిటుకు ఇక్కడుంది. ఇంట్లో గోడకు సున్నం కొట్టడం చూసే ఉంటారు. పల్చగా కలిపిన సున్నం ఒక పూత వేస్తారు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని, నీళ్ళకు కరగని కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. ఆరాక ఇంకో పూత, దాని మీద ఇంకోటి. ఎన్ని పూతలు వేసినా సున్నం పైపైనే ఉంటుంది, లోపలి ఇటుక ఎర్రగానే ఉంటుంది. జీన్స్ నూలుకు జరిగేదీ ఇదే. మిల్లులో వందలాది పోగులను తాడులా చేర్చి, నీలిమందు తొట్టిలో కొన్ని సెకన్లు మాత్రం ముంచుతారు. పిండి, ఎత్తున రోలర్ల మీద గాలిలో తిప్పుతారు. నీలం తేలగానే తర్వాతి తొట్టిలోకి పంపుతారు. ముదురు నీలం కావాలంటే ఇన్ని పూతలూ పడాల్సిందే, ఒక్క ముంపుతో అంత రంగు రాదు. సున్నం గోడకు ఆనుకుంటే వీపు తెల్లబడినట్టే కొత్త జీన్స్ వేసుకుని లేతరంగు సోఫాలో కూర్చుంటే దానికి నీలం అంటుకుంటుంది. గోడను గీరితే ఇటుక బయటపడినట్టే మోకాలి దగ్గర పూత అరిగి తెల్లని నూలు బయటపడుతుంది.

కళ్ళారా చూడాలంటే పాత జీన్స్ చిరిగిన చోట ఒక నీలి పోగు లాగి, పురి విప్పండి. భూతద్దం ఉంటే మరీ మంచిది. పైన నీలం, నడుమ పాలలా తెలుపు. పరిశ్రమలో దీన్ని రింగ్ డైయింగ్ అంటారు.

ఈ పూత ఎంత లోతుకు దిగాలో పీహెచ్, అంటే ద్రావణం ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకె, నిర్ణయిస్తుంది. కరిగిన నీలిమందు అణువు మీద ఒక రుణావేశం ఉండొచ్చు, రెండు ఉండొచ్చు. పీహెచ్ సుమారు 11 దగ్గర ఒక రుణావేశమున్న రూపం ఎక్కువ. దానికి నూలంటే ఆకర్షణ ఎక్కువ కనుక పైపొరనే గబుక్కున పట్టుకుంటుంది, లోపలికి వెళ్ళదు. పీహెచ్ 12 దాటితే రెండు రుణావేశాల రూపం పెరుగుతుంది. క్షారంలో నూలు కూడా కొంత రుణావేశం తెచ్చుకుంటుంది కాబట్టి అది త్వరగా అతుక్కోదు, మెల్లగా లోపలికి జారుతుంది. ఉతికితే బాగా వెలిసే జీన్స్ కావాలంటే మిల్లు వాళ్ళు పీహెచ్‌ను 11 దగ్గర ఆపుతారు. తొట్టిలో కాస్టిక్ కాస్త అటూ ఇటూ అయితే ప్యాంటు వెలిసే తీరే మారిపోతుంది!

టీషర్టు సంగతి వేరు. ఇప్పటి కాటన్ టీషర్టులకు ఎక్కువగా వాడేవి రియాక్టివ్ రంగులు. ఐసీఐ కంపెనీ 1956లో వీటిని బజారులోకి తెచ్చింది. ఇవి నూలులోని సెల్యులోజుతో సమయోజనీయ బంధం ఏర్పరచుకుంటాయి, అంటే రంగు అణువు నూలు అణువులో భాగమైపోతుంది. నీలిమందుకు అలాంటి బంధం లేదు. బలహీనమైన ఆకర్షణతో పోగుల సందుల్లో ఇరుక్కుని ఉంటుంది, అంతే.

అందుకే కొత్త జీన్స్‌ను ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు పోదన్న నమ్మకానికి ఆధారం లేదు. నూలుకు నేరుగా పట్టే డైరెక్టు రంగులు, రియాక్టివ్ రంగులు అద్దేటప్పుడు ఉప్పు నిజంగానే సాయపడుతుంది, నూలుకూ రంగుకూ మధ్య వికర్షణను తగ్గిస్తుంది. కానీ నీలంగా మారాక నీలిమందు మీద ఆవేశమే లేదు. ఉప్పు పని చేయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

గుడ్డ నేతలో కూడా ఒక మెలిక ఉంది. డెనిమ్‌లో పడుగు (నిలువు పోగులు) నీలం, పేక (అడ్డం పోగులు) తెలుపు. మామూలుగా ఒక్కో పడుగు పోగు మూడు పేకల మీదుగా వెళ్ళి ఒక పేక కిందికి దిగుతుంది. దాంతో బయటి వైపు నీలం, లోపలి వైపు తెలుపు. పడుగు పైకి ఉబికి ఉంటుంది కాబట్టి ఒరిపిడంతా దాని మీదే పడుతుంది. కుట్టు దగ్గర గుడ్డ ముడతపడి చిన్న చిన్న గట్లు లేస్తాయి. ముందు అరిగేవి అవే.

రంగుగా చూస్తే నీలిమందు ఇలా వెలిసిపోవడం పెద్ద లోపం. మన కడప, నెల్లూరు సీమల్లో చెట్టు నుంచి తీసిన నీలిమందుకూ, జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ 1897లో కృత్రిమంగా తయారుచేసి అమ్మిన నీలిమందుకూ అణువు ఒకటే. ఆ అణువు నిర్మాణాన్ని రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బాయర్ 1883లో తేల్చారు. అణువు ఒకటే కనుక లోపమూ ఒకటే. 1901లో రెనె బోన్ అనే రసాయన శాస్త్రవేత్త అంతకన్నా ఎన్నోరెట్లు గట్టిగా నిలిచే ఇండాంత్రీన్ నీలాన్ని తయారుచేశారు. వెలిసిపోకూడని బట్టలకు నీలిమందు అక్కర్లేకుండా పోయింది. వెలిసిపోవడమే అందమనుకునే ఒక్క జీన్స్ దాన్ని నిలబెట్టింది.

అందుకే ఫ్యాక్టరీలో కొత్త ప్యాంటును పనిగట్టుకుని అరగదీస్తారు. మొదట్లో ప్యూమిస్ అనే తేలికపాటి గరుకు రాళ్ళు వేసి ఉతికేవారు. 1980ల చివరి నుంచి ఆ పనిలో చాలా భాగం సెల్యులేజ్ ఎంజైములు తీసుకున్నాయి. ఇవి నూలు పైపొరను కొద్దికొద్దిగా కొరికేస్తాయి, పొరతోపాటు నీలమూ రాలిపోతుంది. ఈ ఎంజైములిచ్చే ఒక ముఖ్యమైన బూజు ట్రైకోడెర్మా రీసీ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు కాన్వాసు చివికిపోతుంటే, ఆ గుడ్డ నుంచే దీన్ని వేరుచేశారు. అనంతపురం రైతులు వేరుశనగ విత్తనాలకు పట్టించే ట్రైకోడెర్మా విరిడి దీని దగ్గరి చుట్టమే. రాలిన నీలం మళ్ళీ తెల్లపేక మీద అంటుకుంటే ప్యాంటు మురికిగా కనిపిస్తుంది. చెకింగ్‌లో వెనక్కి పంపే ఆ మరక ఆమ్ల సెల్యులేజ్ వాడినప్పుడు ఎక్కువ, తటస్థ సెల్యులేజ్‌తో తక్కువ.

ఇసుక చిమ్మి అరగదీసే పద్ధతి మాత్రం ఎక్కడా ఉండకూడదు. ఆ సిలికా ధూళితో కార్మికుల ఊపిరితిత్తులు పాడై సిలికోసిస్ వచ్చింది. టర్కీ 2009లో దాన్ని నిషేధించింది. ఒక ప్యాంటు మోకాలు తెల్లగా కనబడటానికి మనిషి ఊపిరి పోవడాన్ని నేను ఒప్పుకోలేను.

ఇంట్లో రంగు నిలవాలంటే ఒరిపిడి తగ్గించాలి. ప్యాంటును తిరగేసి చన్నీళ్ళలో ఉతకండి. బ్రష్షు పెట్టి బండకేసి రుద్దవద్దు. మొదటి కొన్ని ఉతుకులు విడిగా ఉతికితే, ఊడిన నీలం వేరే బట్టలకు అంటుకోదు.